గాలిలో 0.11, బియ్యంలో "4.2 కంటే తక్కువ": ఈ రెండు అంకెలను ఎలా చదవాలి?

ప్రశ్న (చిబా, జపాన్ నుంచి)

మేము మూడేళ్లుగా టోక్యో పక్కనున్న చిబాలో ఉంటున్నాము. మాకు నాలుగేళ్ల పాప ఉంది. మావారి సహోద్యోగి ఒకరు స్వదేశానికి వెళ్లిపోతూ జేబులో పట్టే గైగర్ మీటరు (వికిరణాన్ని కొలిచే పరికరం) ఒకటి మాకిచ్చారు. అప్పటినుంచి నాకు లేని దిగులు పట్టుకుంది. ఇంట్లో అది ఒక నిమిషం గంటకు 0.06 మైక్రోసీవర్టులు (ఒంటికి అందే వికిరణ మోతాదుకు కొలమానం) అంటుంది, మరుసటి నిమిషం 0.11 అంటుంది, పోయిన వారం జోరువానలో 0.15 దాకా వెళ్లింది. బియ్యం సంచి మీదా, కొండ ఊరిలో రోడ్డు పక్కన కొన్న ఎండు షీటాకే పుట్టగొడుగుల మీదా పెట్టి చూస్తే మాత్రం అంకె కదలలేదు. అంటే అవి నిశ్చింతగా తినవచ్చని అర్థమా? పురపాలక కార్యాలయం వారి పట్టికలో బియ్యానికి ఎదురుగా "సీజియం కనబడలేదు, 4.2 కంటే తక్కువ" అని ఉంది. కనబడలేదంటూనే 4.2 అనడం ఏమిటో నాకు బోధపడలేదు.

జవాబు 1 (వికిరణ కొలతల ప్రయోగశాలలో పనిచేసినవారు)

ముందు గాలి సంగతి చెబుతాను. చిన్న గైగర్ గొట్టానికి ఆ స్థాయిలో నిమిషానికి సుమారు 16 వికిరణ దెబ్బలు తగులుతాయనుకుందాం. ఇటువంటి యాదృచ్ఛిక ఘటనల్లో సహజమైన ఊగిసలాట లెక్కకు వర్గమూలమంత ఉంటుంది కనుక, పరిసరాల్లో ఏ మార్పూ లేకపోయినా మీకు ఒక నిమిషం 12, మరో నిమిషం 20 కనిపిస్తాయి. మీ 0.06, 0.11 అదే. మీటరును ఒకేచోట పది నిమిషాలు కదపకుండా ఉంచి సగటు తీస్తే అంకె చాలావరకు కుదుటపడుతుంది. వానలో పెరగడం కూడా నిజమైన పెరుగుదలే, కానీ దానికి 2011 నాటి ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్ర ప్రమాదంతో సంబంధం లేదు: నేలలోంచి వెలువడే రేడాన్ వాయువు నుంచి పుట్టిన సీసం-214, బిస్మత్-214 పరమాణువులను వాన చినుకులు కిందికి దించుతాయి, వాటి అర్ధాయువు (వాటిలో సగం తరిగిపోయే కాలం) అరగంట లోపే కనుక వాన ఆగిన రెండు మూడు గంటల్లో మీటరు పాత స్థాయికి దిగుతుంది. టోక్యోలోని షింజుకు కొలత కేంద్రంలో ప్రమాదానికి ముందే 0.028 నుంచి 0.079 మధ్య నమోదయ్యేది, 2011 మార్చి 15 ఉదయం అది 0.8 దాటింది. మీరు చూస్తున్న అంకెలను ఆ రెంటి పక్కన పెట్టి చూసుకోండి.

ఆహారానికి మాత్రం ఆ మీటరు పనికిరాదు. జపాన్‌లో 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహారానికి రేడియో సీజియం (ఆ ప్రమాదంలో వెలువడిన వికిరణ పదార్థం) పరిమితి కిలోకు 100 బెక్వెరెళ్లు (సెకనుకు ఒక పరమాణువు విఘటన చెందితే ఒక బెక్వెరెల్), పాలకూ పసిపిల్లల ఆహారానికీ 50, తాగునీటికి 10. కిలో బియ్యంలో సెకనుకు 100 విఘటనలు జరిగినా, వాటి గామా కిరణాల్లో అత్యధిక భాగం మీ గొట్టం వైపే రాదు, వచ్చినవాటిలోనూ నూటికి ఒకటి నమోదైతే గొప్ప. కనుక పరిమితికి రెట్టింపు సీజియం ఉన్న బియ్యం మీద పెట్టినా మీ అంకె కదలకపోవచ్చు. కదిలినా అది పొటాషియం వల్ల కావచ్చు, ఎందుకంటే గ్రాము పొటాషియంలో సహజంగానే 31 బెక్వెరెళ్లు ఉంటాయి, ఎండు పుట్టగొడుగుల్లో పొటాషియానికి కొదవ లేదు. రెంటినీ విడదీయాలంటే సీసపు గోడల మధ్య జెర్మేనియం లేదా సోడియం అయొడైడ్ శోధకంతో కిరణాల శక్తిని కొలవాలి: సీజియం-137 కి 662, పొటాషియం-40 కి 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరాలు కనిపిస్తాయి.

ఇక 4.2 అంటే, కిలోకు 4.2 బెక్వెరెళ్లు, ఆ యంత్రం ఆ నమూనాను అంతసేపు కొలిచినప్పుడు నమ్మకంగా పట్టుకోగల కనీస స్థాయి. సున్నా అని కాదు, 4.2 ఉందనీ కాదు. ఆ కనీస స్థాయి రాయకుండా "కనబడలేదు" అని మాత్రమే ఇచ్చే పట్టికకు నేను విలువ ఇవ్వను.

జవాబు 2 (హైదరాబాద్)

మా ఊరి నల్లరాతి గుట్టల మీద మీటరు పెడితే చిబా కంటే ఎక్కువే చూపిస్తుంది, ఆ రాతిలో యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. భీమిలి తీరపు ఇసుకలో థోరియం ఉండే మోనజైట్ ఖనిజం కూడా ఉంది. అరటిపండులోనూ 15 బెక్వెరెళ్లు ఉంటాయి కదా, ఇంత కంగారు అక్కర్లేదేమో.

జవాబు 3 (ఒసాకా)

అరటిపండు పోలిక నాకు నచ్చదు. శరీరం పొటాషియాన్ని ఒక స్థాయిలో నిలిపి ఉంచి మిగిలింది బయటికి పంపుతుంది కనుక పండు తిన్నంత మాత్రాన మోతాదు నిలకడగా పెరగదు, సీజియం అలా కాదు, తిన్నకొద్దీ నిల్వ పెరుగుతుంది. లెక్క వేయడమే మేలు. పెద్దలకు సీజియం-137 ఒక్కో బెక్వెరెల్‌కు 0.013 మైక్రోసీవర్టు. కిలోకు 4 ఉన్న బియ్యం ఏడాదికి 60 కిలోలు తింటే 240 బెక్వెరెళ్లు, అంటే 3 మైక్రోసీవర్టులు. సరిగ్గా పరిమితి దగ్గరున్న బియ్యమైతే 78. మన ఒంట్లోని పొటాషియం ఒక్కటే ఏడాదికి సుమారు 170 ఇస్తుంది.

నాకైతే బియ్యం కంటే మీ పుట్టగొడుగులే అనుమానం. ఫుకుషిమాలో 2012 పంట నుంచి కొన్నేళ్లపాటు ప్రతి బియ్యం సంచినీ కొలిచారు. అడవి పుట్టగొడుగులు, కొండ ఆకుకూరలు, అడవిపంది మాంసం మాత్రం ఇప్పటికీ పరిమితి దాటుతుంటాయి, ఎందుకంటే అడవి నేలమీది ఆకు చెత్తలో సీజియం తిరిగి తిరిగి చెట్లలోకీ శిలీంధ్రాల్లోకీ చేరుతూనే ఉంటుంది. షీటాకేను కలప దుంగల మీద పెంచినప్పుడు ఆ దుంగలు ఏ అడవివో అన్నదే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. మా పక్క పట్టణంలో పౌరులు నడిపే కొలత కేంద్రం ఒకటి ఉందని తెలిసింది. నా దగ్గర 200 గ్రాముల పుట్టగొడుగులే ఉన్నాయి, సరిపోతాయా?

జవాబు 1 రాసినవారు

సరిపోతాయి. నమూనా తగ్గితే పట్టుకోగల కనీస స్థాయి పెరుగుతుంది, ఎక్కువసేపు కొలిచి దాన్ని కొంత దించవచ్చు. మీరు వెతుకుతున్నది కిలోకు వందల్లో ఉందా అన్నది కనుక 20 దాకా పట్టగలిగినా చాలు. ఒక్క జాగ్రత్త: ఎండు షీటాకేకు 100 పరిమితిని నీళ్లలో నానబెట్టిన స్థితికి వర్తింపజేస్తారు, నానితే బరువు ఐదారు రెట్లవుతుంది. కాబట్టి వారిచ్చే అంకె ఎండు బరువుకా, నానిన బరువుకా అని అడిగి రాయించుకోండి.