1947 కాడిలాక్ కన్వర్టిబుల్: "41 ఏళ్లు ఒకే ఇంట్లో ఉంది" అని బోర్డు మీద రాయొచ్చా?

ఆటోనగర్ అబ్బాయి:

అందరికీ నమస్కారం. ఉండేది మిషిగన్, నోవై దగ్గర. మే నెలలో ఒక పిచ్చి పని చేశాను. 1947 కాడిలాక్ సిరీస్ 62 కన్వర్టిబుల్ (టాపు మడిచేసే కారు) కొన్నాను. ఎంతకు అని మాత్రం అడక్కండి, మా ఆవిడ కూడా ఇక్కడ చదువుతుంది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు టింకరింగ్ చేశాడు. షెడ్డులో ఒక పాత క్యాలెండర్ వేలాడుతూ ఉండేది. దాని మీద టాపు లేని, పడవంత అమెరికా కారు బొమ్మ. ఏళ్లు గడిచినా దాన్ని తీయనిచ్చేవాడు కాదు. ఈ కారు కొనడానికి నా దగ్గరున్న కారణం అదొక్కటే.

బండి లేత పసుపు, లోపల ఎర్ర తోలు సీట్లు. 346 క్యూబిక్ ఇంచుల వి8, 150 హార్స్‌పవర్. ఈ ఇంజన్లనే రెండేసి చొప్పున యుద్ధంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లో పెట్టారు. మొదటి రోజు బంకుకి తీసుకెళ్తే పెట్రోలు మూత ఎక్కడుందో దొరకలేదు. కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. వెనక ఆగిన ముసలాయన దిగొచ్చి ఎడమ టెయిల్ లైట్‌ని పైకి లేపాడు. మూత దాని కిందుంది!

ఇక అసలు విషయం. అమ్మినాయన చెప్పిన కథ ఇది: 1947లో డెట్రాయిట్‌లో ఒక డాక్టరు కొత్తది కొన్నాడు, తర్వాత కూతురికి ఇచ్చాడు, ఆమె 1988 దాకా ఉంచుకుంది. ఆమె దగ్గర కొన్నాయన 1993లో మొత్తం విప్పి రెస్టోర్ చేయించాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఈయన, ఇప్పుడు నేను.

కారుతో ఒక ఫైలు ఇచ్చారు. అందులో 1952 నాటి ఆయిల్ మార్చిన కార్డు ఉంది, డాక్టరు పేరు, వీధి పేరుతో. 1971 రిజిస్ట్రేషన్ చీటీ ఒక ఆవిడ పేరు మీద ఉంది, ఇంటిపేరు వేరు. 1988 అమ్మకం కాగితం కూడా ఆవిడదే. 1993 బిల్లులు, విప్పకముందు తీసిన ఫొటోలు సరేసరి. మధ్యలో 19 ఏళ్లకు ఒక్క కాగితం ముక్క లేదు. నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో చరిత్ర చూద్దామంటే, దానికి కావాల్సిన 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు నంబరు) వచ్చిందే 1981లో.

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి (డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల జాతర) తీసుకెళ్లి, రోడ్డు పక్కన ఆపి, ముందు చిన్న బోర్డు పెడదామని ఉంది. "మొదటి యజమాని కుటుంబంలోనే 41 ఏళ్లు" అని రాయొచ్చా? పాత ఫొటోలు రెండు పెడుతున్నా, చూడండి.

సికింద్రాబాద్ శీను:

అన్నా, మన దగ్గరైతే ఇంత టెన్షన్ లేదు. పాత ఆర్‌సీ బుక్కులో (మీ బెజవాడోళ్లు సీ బుక్కు అంటారు) పేరు మారినప్పుడల్లా చేత్తో రాసి స్టాంపు కొట్టేవాళ్లు. మా మామ పాత ల్యాండ్‌మాస్టర్ కారు బుక్కులో ఆరుగురున్నారు. ఏడో మనిషి ఉన్నాడో లేడో చెదలకే తెలియాలి, ఆ పేజీ అవి తినేశాయి. 2021 రూల్ వచ్చాక 50 ఏళ్లు దాటిన బండికి "వీఏ" అని వచ్చే వింటేజ్ నంబరు ఇస్తున్నారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. మామ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

కలమజూ మాస్టారు:

బాబూ, నాది ఇక్కడ కలమజూ. రిటైరయ్యాక హికరీ కార్నర్స్‌లో గిల్‌మోర్ కార్ల మ్యూజియం చుట్టూ తిరగడమే నా పని. కాడిలాక్ వాళ్లకి అక్కడ విడిగా ఒక మ్యూజియమే ఉంది, ఒకసారి రా.

నీ రెండో ఫొటో పెద్దది చేసి, గ్రిల్‌లో అడ్డపట్టీలు లెక్కపెట్టు. ఆరున్నాయి. 1947 గ్రిల్‌కి ఉండేవి ఐదే. పార్కింగ్ లైట్లు కూడా కోలగా, నాలుగు మూలలతో ఉన్నాయి. 1947లో గుండ్రటివి పెట్టారు. అంటే విప్పకముందు నీ కారుకి 1946 ముక్కు ఉంది.

దీనికి రెండే అర్థాలు. 1946 కారుని 1947 చేసి ఉండాలి, లేదా 1947 కారుకి ఎక్కడో దెబ్బ తగిలితే దొరికిన ముక్కు బిగించి ఉండాలి. 1946లో ఈ కన్వర్టిబుల్ 1,342 మాత్రమే చేశారు, 1947లో 6,755. అరుదైనదాన్ని చెడగొట్టి మామూలుది చేసే తెలివితక్కువవాడు ఉంటాడా? నా అనుమానం రెండోదే.

బానెట్ ఎత్తి ఫైర్‌వాల్ (ఇంజనుకీ సీట్లకీ మధ్య గోడ) మీద రేకు ప్లేటు చూడు. 47-6267ఎక్స్ అని ఉండాలి. ఆ ఎక్స్ హైడ్రాలిక్ అద్దాలకు, అంటే ద్రవం ఒత్తిడితో లేచే వాటికి గుర్తు. పెయింట్ నంబరు కూడా దాని మీదే ఉంటుంది. తర్వాత ఇంజను నంబరు: బ్లాకు కుడిపక్క, వాటర్ పంపు పైన. అప్పట్లో కాడిలాక్‌కి అదే గుర్తింపు నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్నది దానితో కలవాలి. మనుషుల సంగతి డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలో తేలుతుంది. కార్ల చరిత్రకి అక్కడ ప్రత్యేక విభాగం ఉంది, ఎవరు ఏ వీధిలో ఉండేవారో చెప్పే పాత సిటీ డైరెక్టరీలు, పాత పేపర్లను ఫిల్ముకెక్కించిన మైక్రోఫిల్ములు కూడా ఉంటాయి. ఫోన్లో అడిగితే పని కాదు, వెళ్లి కూర్చోవాలి.

ఆటోనగర్ అబ్బాయి:

మాస్టారూ, దండాలు. నలభై సార్లు చూసిన ఫొటో అది, పట్టీలు లెక్కపెట్టాలని నాకు తట్టనే లేదు.

ప్లేటు 47-6267ఎక్స్. ఇంజను నంబరు టైటిల్‌తో అంకె అంకె కలిసింది. హమ్మయ్య అనుకున్నా. కానీ డాష్‌బోర్డు కింద టార్చి వేస్తే ముదురు ఆకుపచ్చ కనిపించింది. పసుపు 1993లో పుట్టిందన్నమాట.

నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇప్పుడు 78. గ్రిల్ సంగతి చెప్పగానే, "అయస్కాంతం తీసుకో. గుడ్డలో చుట్టు, లేకపోతే గీతలు పడతాయ్" అన్నాడు. మా ఆవిడ ఫ్రిజ్ మీద తిరుపతి లడ్డూ బొమ్మ అయస్కాంతం పీకి, కర్చీఫులో చుట్టి బాడీ అంతా పాకించాను. కుడిపక్క టక్కున అంటుకుంటోంది. ఎడమ ముందు మడ్‌గార్డ్ మీద, చక్రం పైనుంచి తలుపు దాకా జానెడు మేర జారిపోతోంది. అక్కడ రేకు లేదు, పుట్టీ.

"వేలితో కొట్టి ఫోను దగ్గర పెట్టు" అన్నాడు. కొట్టాను. "ఎడం వైపు గుద్దింది రా. పని చేసినోడు మంచోడే, ఇన్నేళ్లయినా పగల్లేదు" అన్నాడు. వేల మైళ్ల అవతల నుంచి, ఫోన్లో చప్పుడు విని!

శనివారం లైబ్రరీలో నాలుగు గంటలు కూర్చున్నా. 1950ల డైరెక్టరీలో డాక్టరు దొరికాడు, ఆయిల్ కార్డు మీద ఉన్న వీధే. తర్వాత మైక్రోఫిల్మ్‌లో ఆయన చనిపోయినప్పటి ప్రకటన కూడా దొరికింది. ఇద్దరు కొడుకులట. కూతురి ఊసే లేదు.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. కోపం రాలేదాయనకి. "నాకు అలాగే చెప్పారు, నేను నీకు అలాగే చెప్పాను" అన్నాడు. అబద్ధం ఆడాడని నేననుకోవడం లేదు. చేతులు మారినప్పుడల్లా కథ కూడా కొంచెం పాలిష్ అయింది, అంతే.

బెజవాడ పద్మ:

తమ్ముడూ, కోడలో మనవరాలో అయ్యుండచ్చు కదా, ఆవిణ్ణి అప్పుడే పరాయిదాన్ని చేసేయకు. ఏదైనా బోర్డు మీద పేర్లు మాత్రం వేయకు. ఆ కొడుకుల పిల్లలు ఎవరైనా ఆ రోడ్డు మీదే నిలబడి చదవొచ్చు.

ఆటోనగర్ అబ్బాయి:

నిజమే అక్కా, అయ్యుండచ్చు. పేర్లు వేయడం లేదు. బోర్డు ఇలా రాశా: "1947, డెట్రాయిట్ క్లార్క్ స్ట్రీట్ ఫ్యాక్టరీ. 1952లో ఒక డాక్టరుగారిది. 1971 నుంచి 1988 దాకా ఒకావిడది. అసలు రంగు ఆకుపచ్చ. మధ్యలో ఎప్పుడో ఎడంవైపు గట్టి దెబ్బ." ఆ చివరి ముక్క చూసి, కొత్తగా కొన్న కారు గురించి ఎవరైనా ఇలా రాసుకుంటారా అంది మా ఆవిడ. నాన్న మాత్రం అదే పెద్దక్షరాలతో రాయమన్నాడు.

మాస్టారూ, ఇంకొకటి. ఎడమ తలుపు కింద అంచున జిడ్డుగా ఉంది, అక్కడ పెయింట్ బుడగలు లేస్తోంది. వాననీళ్లా?

కలమజూ మాస్టారు:

నీళ్లు కాదు. ఆ అద్దాల్ని, టాపుని ఎత్తే హైడ్రాలిక్స్‌లో ఉండేది బ్రేక్ ఫ్లూయిడ్. తలుపులో సిలిండర్ కారుతోంది. పెయింట్‌ని తినేస్తుంది, ఇవాళే తుడిచి, తలుపు లోపలి అట్ట విప్పు. క్రూజ్ దాకా ఆ అద్దం ముట్టుకోకు.