బడి వెనక మూలికల తోట: ఏ మొక్కలు పెట్టాలి?

ప్రశ్న: మాది పాడేరు వైపు కొండ ఊరు, బస్సు రోజుకు ఒక్కటే. మా నాయనమ్మ దగ్గు, జలుబులకు వాడిన మొక్కలే పెంచి ఊళ్లో అందరికీ ఊరికే ఇద్దామనుకుంటున్నాం. వేటితో మొదలుపెట్టాలి?

జవాబు: తులసి, వామాకు, తిప్పతీగ. వామాకు కొమ్మ విరిచి గుచ్చినా బతికేస్తుంది, పైసా ఖర్చు లేదు. అడ్డసరం కూడా పెట్టొచ్చు కానీ కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని పక్కనే బోర్డు రాయండి. కరక్కాయ ఎలాగూ అడవిలో దొరుకుతుంది, ఉప్పుతో చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడం మా ఇంట్లో దగ్గుకి మొదటి మందు.

ఇంకో జవాబు: అన్నీ సరే, చలిజ్వరం వస్తే మాత్రం నేలవేము కషాయం తాగుతూ కూర్చోకండి బాబూ! మా తమ్ముడికి అలాగే నాలుగు రోజులు పోయాయి, తీరా చూస్తే మలేరియా. ముందు ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష.

అడిగినవారు: సరే అన్నా, ఆ బోర్డు మీద ఇది కూడా రాయిస్తాం.