మార్చి 7 మౌన ప్రార్థన: ఎవరు ఏ పని చూస్తున్నారు?

కోఆర్డినేటర్:
అందరికీ వందనాలు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు మౌన ప్రార్థనకు మార్చి 7, శనివారం ఖాయం చేశాం. 14, 21 తేదీల్లో డల్లాస్‌లో సగం ఇళ్లు స్ప్రింగ్ బ్రేక్ ప్రయాణాల్లో ఉంటాయి. 28న మట్టల ఆదివారం పాటల ప్రాక్టీసు. హాలు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా మనది. 7వ తేదీ రాత్రే గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, కాబట్టి ఎవరినీ ఆలస్యం చేయొద్దు.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. పోయినేడాది 15 నిమిషాల మౌనం అనుకున్నాం. ఆరో నిమిషానికే నాకు టెన్షన్ వచ్చి మైకు పట్టుకుని స్తోత్రం మొదలుపెట్టాను. ఈసారి హాల్లో మైకు, కీబోర్డు ఉండవు. ప్రకటనలు కూడా ఉండవు, ముందే వాట్సాప్‌లో పెట్టేస్తాం.

పద్ధతి ఇది. మార్కు సువార్త 10:46-52, గుడ్డివాడైన బర్తిమయి చూపు పొందిన భాగం ఒక్కటే తీసుకుంటాం. నాలుగుసార్లు చదువుతాం, ప్రతిసారీ తర్వాత పది నిమిషాలు మౌనం. మొదటిసారి ఊరికే వినడం. రెండోసారి మనసుకు తగిలిన మాట ఒకటి పట్టుకుని నెమరువేయడం. మూడోసారి ఆ మాటతోనే దేవునికి మన సంగతి చెప్పుకోవడం. నాలుగోసారి ఏమీ అడగకుండా ఆయన సన్నిధిలో కూర్చోవడం. ఇది నేను కనిపెట్టింది కాదు. 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ క్రైస్తవ మఠ సన్యాసి ఈ నాలుగింటినీ నిచ్చెన మెట్లుగా చెప్పాడు.

పార్కింగ్ చూసే బ్రదర్:
అన్నా, ఒక మాట. మా ఇంట్లో పెద్దవాళ్లు ధ్యానం అనగానే భయపడుతున్నారు. మనసు ఖాళీ చేసుకోమంటారా, ఇది మన విశ్వాసంలో ఎక్కడుంది అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

వాక్యం చదివే అంకుల్:
బాబూ, ఆదికాండం 24:63 చూపించు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించడానికి బయలుదేరాడు. మొదటి కీర్తనలో ధన్యుడు దివారాత్రము ధ్యానించేది ధర్మశాస్త్రాన్ని. మనసు ఖాళీ చేసుకోవడం కాదు, వాక్యంతో నింపుకోవడం. ఆ కీర్తనలోని హీబ్రూ మాట ‘హాగా’. మెల్లగా గొణుక్కోవడం అని దాని అర్థం. యెషయా 31:4లో సింహం గర్జనకు, 38:14లో గువ్వ మూలుగుకు కూడా అదే మాట వాడారు. అంటే నోరు కూడా కదులుతుందన్నమాట.

మా నాయనమ్మకు చదువు రాదు. ప్రకాశం జిల్లాలో మా ఊరి గుడిలో ఆదివారం విన్న ఒక్క వాక్యం పట్టుకుని, వారమంతా కలుపు తీస్తూ అదే గొణుక్కునేది. పిల్లలం నవ్వేవాళ్లం. కంఠత వాక్యం అప్పజెప్పి బహుమతి తెచ్చుకోవడమే మాకు తెలుసు. ఆ గొణుగుడు ధ్యానమని నాకు అరవై ఏళ్లు దాటాక అర్థమైంది.

పిల్లల గది సిస్టర్:
అంకుల్, ఇది మా పెద్ద క్లాసు పిల్లలకు కూడా చెప్పాలి! పదేళ్ల లోపు వాళ్లు నా దగ్గర ఉంటారు, ఇంకో ఇద్దరు సాయం కావాలి. అందరికీ ఇచ్చే కాగితంలో ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు వేయించండి. ఇక్కడ పుట్టినవాళ్లకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవలేరు, అందులోనూ మన బైబిలు తెలుగు. తెలుగు అక్షరాలు పెద్దవిగా ఉండాలి, లేదంటే అమ్మమ్మలు కళ్లజోడు వెతుక్కోవడంతోనే మౌనం అయిపోతుంది.

కోఆర్డినేటర్:
సరే. రెండుసార్లు తెలుగులో, రెండుసార్లు ఇంగ్లీషులో చదువుదాం. ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో వేయాలి. ఆన్ కాల్ డ్యూటీలో ఉన్నవాళ్లు మాత్రం వైబ్రేషన్‌లో పెట్టి వెనుక వరుసలో కూర్చోండి.

వంటల టీమ్ అక్క:
ఉపవాసం ఎవరిష్టం వాళ్లది, కానీ షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మందులు వేసుకునేవాళ్లు తిని రండి. తమ్ముడూ, ఇది నువ్వు ఆ కాగితంలోనే రాయి. నేను నోటితో చెబితే వినరు. భోజనం ఒంటిగంటకు. టమాటా రైస్, పెరుగన్నం, ఆవకాయ, ఇళ్ల నుంచే వండి తెస్తాం. హాలు వంటింట్లో పొయ్యి వెలిగించం. పోపు వాసన వస్తే ఇంకెవరి ధ్యానం నిలుస్తుంది?

ఇంకో సంగతి. ఈ ఏడాది మన మధ్య ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మౌనంలో కూర్చుంటే దుఃఖం ఒక్కసారిగా పొంగుతుంది, నాకు తెలుసు. లేచి వెళ్లిపోవచ్చని ముందే చెప్పాలి. పక్క గదిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి ఉండాలి. ఊరికే పక్కన కూర్చుని వింటే చాలు, సలహాలివ్వొద్దు. నేనొకదాన్ని ఉంటాను.

కోఆర్డినేటర్:
థాంక్స్ అక్కా, ఇది నాకు తట్టలేదు. ఇంకా కావలసినవాళ్లు: పిల్లల గదికి ఇద్దరు, పక్క గదికి ఇద్దరు, 9 గంటలకే వచ్చి కుర్చీలు వేసేవాళ్లు నలుగురు. కుర్చీలు వరుసల్లో వేద్దాం, గుండ్రంగా వద్దు. ఎదురెదురుగా కూర్చుంటే మనవాళ్లు కళ్లతోనే పలకరించుకుంటారు. మౌనం మొదలు, ముగింపు తెలియడానికి చిన్న గంట ఒకటి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టమంటారా?

వాక్యం చదివే అంకుల్:
గంట కొనకు బాబూ. మా ఇంట్లో ఇత్తడి గ్లాసుంది, చెంచాతో కొడితే హాలంతా వినిపిస్తుంది. నేనే తెస్తాను. ఆరో నిమిషంలో మాత్రం నీ చేతికివ్వను.