8 పాటలు, 24 నిమిషాలు: బ్లాక్‌పింక్ ‘ది ఆల్బమ్’ను పూర్తి ఆల్బమ్ అనవచ్చా?

అనుపల్లవి (చర్చ ప్రారంభం):

జిసూ, జెన్నీ, రోజే, లిసా అనే నలుగురు గాయనుల దక్షిణ కొరియా బృందం బ్లాక్‌పింక్ 2016 ఆగస్టులో తొలి పాటలతో ముందుకు వచ్చింది. వారి మొదటి పూర్తి నిడివి కొరియన్ ఆల్బమ్ మాత్రం 2020 అక్టోబర్ 2 దాకా రాలేదు. నాలుగేళ్లకు పైగా ఎదురుచూసిన శ్రోతలకు దక్కినవి 8 పాటలు, మొత్తం కలిపి సుమారు 24 నిమిషాలు. అందులోనూ ‘హౌ యు లైక్ దట్’ జూన్‌లోనే, అమెరికా గాయని సెలీనా గోమెజ్‌తో కలిసి పాడిన ‘ఐస్ క్రీమ్’ ఆగస్టులోనే విడుదలయ్యాయి కనుక, ఆ రోజున నిజంగా కొత్తగా విన్నవి 6 పాటలే, అంటే దాదాపు 18 నిమిషాల సంగీతమే.

ఈ ఆల్బమ్‌ను నేను విడుదలైన వారంలోనే విన్నాను, ఆ తరువాత కూడా చాలాసార్లు విన్నాను, ఇష్టపడే విన్నాను. అయినా ప్రతిసారీ ఎనిమిదో పాట ముగిసేసరికి, విందుకు కూర్చున్నవాడికి రెండో వడ్డన రాకముందే విస్తరి ఎత్తేసినట్లు అనిపిస్తుంది. అసలు ‘ది ఆల్బమ్’ అని ఏకైక గ్రంథానికి పెట్టినట్లు పేరు పెట్టుకున్న రికార్డు, మినీ ఆల్బమ్ పరిమాణంలో ఉండటం సబబేనా అన్నది నా ప్రశ్న. నిడివి తక్కువ కావడం వల్లనే ఇది అసంపూర్ణమని నా అభిప్రాయం. విభేదించేవారు కారణాలతో విభేదించాలని మనవి.

తంత్రీనాదం:

అనుపల్లవి గారూ, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. దీనిని ఆల్బమ్ అనవచ్చా అన్నది ఒకటి, ఇది మంచి ఆల్బమేనా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు సులభం. గ్రామీ పురస్కారాల నిబంధనల ప్రకారమే కనీసం 5 వేర్వేరు పాటలు, 15 నిమిషాల నిడివి ఉంటే అది ఆల్బమ్. కొరియాలో సింగిల్ ఆల్బమ్, మినీ ఆల్బమ్, రెగ్యులర్ (అంటే పూర్తి నిడివి) ఆల్బమ్ అని మూడు తరగతులుగా విడుదల చేస్తారు, ఏ రికార్డు ఏ తరగతికి చెందుతుందో ఆచరణలో నిర్ణయించేది విడుదల చేసే సంస్థే. దీనిని రెగ్యులర్ ఆల్బమ్ అని బ్లాక్‌పింక్ సంస్థ వైజీ ఎంటర్‌టైన్‌మెంట్ ప్రకటించింది, కనుక అది రెగ్యులర్ ఆల్బమే. ఇందులో వాదానికి తావు లేదు.

నిడివే లోపమైతే, 2022 మార్చిలో వచ్చిన మరో కొరియన్ స్త్రీ బృందం జీ-ఐడిల్ తొలి పూర్తి ఆల్బమ్ ‘ఐ నెవర్ డై’ కూడా లోపభూయిష్టమే కావాలి, ఎందుకంటే అందులోనూ 8 పాటలే ఉన్నాయి. కానీ అది విని ఎవరికైనా విస్తరి ఎత్తేసినట్లు అనిపించిందా? నాకైతే అనిపించలేదు. లెక్కలో తేడా లేనప్పుడు అనుభవంలో తేడా వచ్చిందంటే, కారణం లెక్కలో లేదన్నమాట.

మౌనశ్రోత:

ఆ పోలిక తీసుకువచ్చారు కనుక ఆ తేడా ఎక్కడుందో నేను చెబుతాను. ‘ఐ నెవర్ డై’లో బృందనాయకి సోయన్ స్వయంగా రచయిత, నిర్మాత. ప్రధాన గీతం ‘టాంబాయ్’ ఆమె కలం నుంచి వచ్చినది. బ్లాక్‌పింక్ ‘ది ఆల్బమ్’లో సభ్యుల పేర్లు రచనలో కనిపించేది ఒక్క ‘లవ్‌సిక్ గర్ల్స్’ దగ్గర మాత్రమే, అదీ జిసూ, జెన్నీ ఇద్దరివే. మిగిలిన పాటల వెనుక ఉన్నది నిర్మాత టెడ్డీ, ఆయన సహచరులు, అమెరికా నుంచి పిలిపించుకున్న రచయితలు. ‘ఐస్ క్రీమ్’ రచయితలలో అరియానా గ్రాండే ఉన్నారు, ‘బెట్ యు వానా’ రచయితలలో రయన్ టెడ్డర్ ఉన్నారు. అతిథులు ఇంతమంది వచ్చి కూర్చుంటే ఇంటివారికి చాప మిగలదు.

అదే 2020 అక్టోబర్ నెల చివరలో ట్వైస్ అనే మరో కొరియన్ స్త్రీ బృందం ‘ఐస్ వైడ్ ఓపెన్’ విడుదల చేసింది. అందులో 13 పాటలున్నాయి, సభ్యులలో ‘అప్ నో మోర్’ సాహిత్యం జిహ్యో రాసింది, ‘డిపెండ్ ఆన్ యు’ సాహిత్యం నయోన్ రాసింది. ఆ ఆల్బమ్‌లోని అన్ని పాటలూ గొప్పవని నేను అనను, మధ్యలో రెండు మూడు సాదాసీదాగా గడిచిపోతాయి. కానీ ఒక బృందం తన ఇంట్లోని అన్ని గదులూ తెరిచి చూపిస్తున్నదన్న భావన అక్కడ కలుగుతుంది. బ్లాక్‌పింక్ మనలను ముందు గదిలోనే కూర్చోబెట్టి పంపించింది.

శ్రుతిభేదం:

సొంతంగా రాయని పాట సొంతం కాదన్న వాదనను నేను ఎన్నడూ అంగీకరించలేదు. స్త్రీ గాయక బృందాల విషయంలో ఈ ప్రశ్న వెంటనే పైకి వస్తుందని కూడా గమనించాను. అమెరికా స్త్రీ బృందం సుప్రీమ్స్‌ను తీసుకోండి. 1964లో వచ్చిన ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ మొదలుకొని వారి ప్రసిద్ధ గీతాలలో ఎన్నో హాలండ్, డోజియర్, హాలండ్ అనే ముగ్గురు రాసినవే. 1966లో ‘ది సుప్రీమ్స్ ఎ గో-గో’ అమెరికా ఆల్బమ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది, ఒక స్త్రీ బృందం ఆల్బమ్ అక్కడికి చేరడం అదే మొదటిసారి. ఆ పాటలు వారివి కావని ఈ రోజు ఎవరైనా అంటారా? వారి ప్రధాన గాయని డయానా రాస్ గొంతులోని ఆ సన్నని తీపి లేకపోతే ఆ పాటలలో సగం ప్రాణం పోతుంది.

కాబట్టి ఎవరు రాశారు అన్నది కాదు, ఆ గొంతులకు పాటలో చోటు ఉందా లేదా అన్నది అడగాలి. ఆ కొలతతో చూస్తే నా ఫిర్యాదు వేరే చోట ఉంది. ‘హౌ యు లైక్ దట్’ను జాగ్రత్తగా వినండి. రోజే, జిసూల గొంతులు మెల్లగా పైకి లేస్తాయి, లయ బిగుస్తుంది, ఇక పల్లవి విప్పారుతుందని మనం ఊపిరి బిగబట్టిన క్షణంలో గానం ఆగిపోతుంది. దాని స్థానంలో వాద్యాల హోరు, ఆ హోరు మీద విసిరిన నాలుగు మాటలు. చివరి అరనిమిషం పూర్తిగా నృత్యం కోసం కట్టిన భాగం, వేదిక మీద అద్భుతంగా ఉంటుంది, చెవులకు మాత్రం అది అసలు పాటకు తోకలా తగిలించినట్లు వినిపిస్తుంది. 2018లో వచ్చిన ‘డు-డు డు-డు’లోనూ, 2019లో వచ్చిన ‘కిల్ దిస్ లవ్’లోనూ ఇదే కట్టడం. మొదటిసారి విన్నప్పుడు అది సాహసం, మూడోసారికి అలవాటు. నాలుగు మంచి గొంతులున్న బృందం, తన పాటలో అత్యంత ముఖ్యమైన చోట ఎవరినీ పాడనివ్వకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అనుపల్లవి:

శ్రుతిభేదం గారి మాట చదివిన తరువాత ఆల్బమ్‌ను మళ్లీ మొదటి నుంచి విన్నాను, ఈసారి ఒక్కొక్క పాటలో పల్లవిని నిజంగా ఎవరైనా పాడుతున్నారా అని మాత్రమే గమనిస్తూ. ‘లవ్‌సిక్ గర్ల్స్’ దగ్గరకు వచ్చేసరికి మీ వాదన ఎంత సరైనదో అర్థమైంది. గిటార్ మీటులతో మొదలయ్యే ఆ పాటలో పల్లవి దాక్కోదు, నలుగురూ గొంతెత్తి పాడతారు, ఒంటరిగా ఉండటానికే పుట్టామని తెలిసి కూడా ఇంకా ప్రేమనే ఎందుకు వెతుకుతున్నామని అడుగుతారు. ఉల్లాసంగా పరుగెత్తే బాణీలో అంత దిగులు పెట్టడం తేలికైన పని కాదు. దాని స్వరకర్తలలో ఫ్రెంచ్ డీజే డేవిడ్ గెట్టా పేరు కూడా ఉంది కనుక అతిథి వస్తే ఇల్లు పాడవుతుందన్న మౌనశ్రోత గారి సిద్ధాంతం ఇక్కడ నిలవదు.

అయితే నా మొదటి అభిప్రాయాన్ని పూర్తిగా వదులుకోను. ఈ కట్టడం పునరావృతమవుతున్నదన్న విసుగు 13 పాటల ఆల్బమ్‌లో ఒక మూలన ఉండిపోయేది. 8 పాటలున్న చోట ఒక్క పాట అలవాటుగా సాగినా ఎనిమిదో వంతు పోయినట్లే. చిన్న రికార్డుకు పొరపాటు చేసే స్వేచ్ఛ తక్కువ.

చిరుగజ్జెలు:

ఇంతసేపూ అందరూ ఫిర్యాదులే చేస్తున్నారు కనుక ఒక మాట. ఈ ఆల్బమ్ అమెరికా, బ్రిటన్ రెండు దేశాల జాబితాలలోనూ రెండో స్థానానికి చేరింది. అమ్మకం గుణానికి సాక్ష్యం కాదని మీరు అంటారని తెలుసు, అది సాక్ష్యమని నేనూ అనను. కానీ కొరియన్ రాని, ఆ బృందం పేరు అప్పుడే విన్న శ్రోత ఒకరు దీనిని ఒక్క బిగిన వినగలగడానికి ఆ 24 నిమిషాలే కారణం. ఏ పాటా నాలుగు నిమిషాలు దాటదు, ఏదీ అవసరానికి మించి నిలబడదు. ‘ప్రెటీ సావేజ్’లో జెన్నీ, లిసా ర్యాప్‌ను పంచుకునే తీరు వినండి, ఒకరు వదిలిన చోట మరొకరు ఎలా అందుకుంటారో చూడండి, మూడు నిమిషాలలో ఆ పాట చేయవలసినదంతా చేసి వెళ్లిపోతుంది. దానిని ఐదు నిమిషాలకు సాగదీస్తే ఏం మిగులుతుంది?

మౌనశ్రోత:

చిరుగజ్జెలు గారూ, ‘ప్రెటీ సావేజ్’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే మీరు చెప్పిన ఆ కొత్త శ్రోత కోసమే ఈ ఆల్బమ్ మొదటి సగం మొత్తాన్ని వెచ్చించారన్నది నా బాధ. ‘బెట్ యు వానా’ పూర్తిగా ఆంగ్లం, అందులో అమెరికా ర్యాపర్ కార్డీ బి వచ్చి తన భాగం తాను చెప్పి వెళ్లిన తరువాత పాటలో గుర్తుండేది ఆమె భాగమే. ‘ఐస్ క్రీమ్’ కూడా దాదాపుగా ఆంగ్లమే. ఇక్కడ ఒక చిన్న విడ్డూరం ఉంది: ఆ పాటలో కొరియన్ మాటలు వినిపించేది ర్యాప్ భాగంలో, ఆ ర్యాప్ చేసేది థాయ్‌లాండ్‌లో పుట్టిన లిసా. ఆంగ్లంలో పాడటం తప్పు కాదు, ‘లవ్ టు హేట్ మి’ కూడా ఆంగ్లమే అయినా అది వారి పాటలాగే ఉంటుంది. ‘ఐస్ క్రీమ్’ మాత్రం ఎవరు పాడినా అలాగే ఉండేది.

తంత్రీనాదం:

ఇది నేను అంగీకరించగల విమర్శ. నిడివి గురించిన ఫిర్యాదు పోయి అమరిక గురించిన ఫిర్యాదు వచ్చింది, అదే న్యాయం. ‘యు నెవర్ నో’ను చివర పెట్టడం చూడండి. ఆల్బమ్‌లో అన్నిటికన్నా పొడవైన పాట అదే, నెమ్మదైన పాట కూడా అదే. నిజం తెలియకుండానే తీర్పు చెప్పేవారి గురించి, బయటికి కనిపించే మెరుపు వెనుక ఏముందో ఎవరికీ తెలియదన్న సంగతి గురించి ఆ నలుగురూ మొదటిసారి దర్పం పక్కనపెట్టి మాట్లాడతారు. సంభాషణ అక్కడ మొదలవుతుందని అనిపిస్తుంది, ఆల్బమ్ అక్కడ ముగుస్తుంది. అనుపల్లవి గారికి విస్తరి ఎత్తేసినట్లు అనిపించినది 24 నిమిషాలకు కాదు, ఆ చివరి నాలుగు నిమిషాలకు అయి ఉంటుంది.

శ్రుతిభేదం:

తంత్రీనాదం గారు చెప్పినదానికి తరువాతి చరిత్ర కూడా బలమిస్తుంది. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ‘బోర్న్ పింక్’లోనూ 8 పాటలే, కానీ ‘షట్ డౌన్’లో ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని ‘లా కంపనెల్లా’ వయొలిన్‌ను ర్యాప్ కింద తిప్పుతూ పోవడంలో, హోరు లేకుండానే బిగువు తేవచ్చునన్న నమ్మకం కనిపిస్తుంది. ‘యే యే యే’ రచనలో జిసూ, రోజే భాగస్వాములు. ఆ తరువాత ఎవరి దారిన వారు సొంత ఆల్బమ్‌లు తెచ్చారు. 2024 డిసెంబర్‌లో రోజే ‘రోజీ’ 12 పాటలతో వచ్చింది, 2025లో లిసా ‘ఆల్టర్ ఈగో’, జెన్నీ ‘రూబీ’ ఒక్కొక్కటి 15 పాటలతో వచ్చాయి. ఒక్కరే 12, 15 పాటలు నింపగలిగినవారు నలుగురు కలిసి 8 పాటల దగ్గర ఆగిపోయారంటే, చెప్పవలసిన మాటలు లేక కాదు. ఆ మాటలు అడిగినవారు లేక అయి ఉంటుంది. (ఆ సొంత ఆల్బమ్‌లన్నీ నాకు నచ్చాయని దీని అర్థం కాదు, అది మరో చర్చ.)

చిరుగజ్జెలు:

సరే, అయితే ఒక ప్రయోగం. ‘లవ్‌సిక్ గర్ల్స్’తో మొదలుపెట్టి ఐదు నుంచి ఎనిమిది వరకు ముందు వినండి, ఆ తరువాత ఒకటో పాటకు రండి. నేను కొంతకాలంగా అలాగే వింటున్నాను. రికార్డు చిన్నదన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

అనుపల్లవి:

నిన్న రాత్రి ఆ వరుసలోనే విన్నాను. ముందు విన్న ఆ నాలుగు పాటలూ కలిసి పన్నెండున్నర నిమిషాలు. ‘క్రేజీ ఓవర్ యు’ను ఇంతకుముందు సరిగ్గా వినలేదని ఒప్పుకోవాలి, రెండు ప్రకాశవంతమైన పాటల మధ్య ఇరుక్కుని అది నా చెవిని దాటిపోయేది. ‘యు నెవర్ నో’ తరువాత ‘హౌ యు లైక్ దట్’ మొదలైనప్పుడు, అందులోని దర్పం ఈసారి బెదిరింపులా కాక, అంతకు ముందు పాటలో చెప్పుకున్న గాయానికి జవాబులా వినిపించింది, పల్లవి లేని ఆ హోరు కూడా అక్కడ అతికినట్లే ఉంది. కనుక నిడివి వల్లనే అసంపూర్ణమన్న నా మాటను వెనక్కు తీసుకుంటున్నాను, అమరిక గురించిన మాటను తీసుకోవడం లేదు. ‘ఐస్ క్రీమ్’ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా వేలు దానంతట అదే తరువాతి పాటకు వెళ్లింది.