రాక్ బ్యాండ్లలోకి ట్రంపెట్లు ఎలా వచ్చాయి?

పాతరికార్డు:
ట్రంపెట్ అంటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళమే గుర్తొచ్చే మనిషిని నేను. మొన్న చికాగో అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాళ్ల మొదటి ఆల్బమ్ విన్నాను, 1969 నాటిది, డబుల్ ఎల్పీ, అంటే రెండు రికార్డుల సెట్. ఒకపక్క గిటార్ చెలరేగిపోతుంటే ఇంకోపక్క ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ దానితో పోట్లాడుతున్నట్టు ఉంది. ఇది వీళ్లే మొదలుపెట్టారా?

నీలిబాకా:
కాదు. రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ పాటల్లో శాక్సఫోన్ ఎప్పటినుంచో ఉంది. బీటిల్స్ కూడా 1966లో ఒక పాటకి బయటి నుంచి ట్రంపెట్ వాళ్లను పిలిపించుకున్నారు. పిలిపించుకోవడం, తేడా అంతా అక్కడే! వాళ్లు వచ్చి, వాయించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. 1967లో న్యూయార్క్‌లో అల్ కూపర్ ‘బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్’ అనే బ్యాండు పెట్టినప్పుడు ఊదేవాళ్లంతా బ్యాండు మనుషులే, ర్యాండీ బ్రెకర్ లాంటి జాజ్ వాళ్లు. అదే ఏడాది మైక్ బ్లూమ్‌ఫీల్డ్ పెట్టిన ఇలాంటి బ్యాండే, ఎలక్ట్రిక్ ఫ్లాగ్ కూడా వచ్చింది కాబట్టి ఎవరు ముందన్న గొడవ అనవసరం.

రెండోవైపు:
కూపర్ పెట్టాడు సరే, ఒక్క ఆల్బమ్ కాగానే బయటికి వచ్చేశాడుగా. జనంలోకి వెళ్లింది డేవిడ్ క్లేటన్-థామస్ పాడిన రెండో ఆల్బమ్, గ్రామీల్లో బీటిల్స్ ఆల్బమ్ ఆబీ రోడ్‌ను కాదని దానికే ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. ఆ ఆల్బమ్‌కీ, మీరు విన్న చికాగో ఆల్బమ్‌కీ నిర్మాత ఒక్కడే, జేమ్స్ విలియం గెర్సియో.

నాకైతే చికాగోనే ఇష్టం. పాటకి చివర్లో అద్దే రంగులా కాకుండా, ట్రాంబోన్ వాయించే జేమ్స్ పాంకో ఆ మూడు వాయిద్యాలకీ ఇంకో గాయకుడికి రాసినట్టు వరసలు రాశాడు. గిటార్ టెర్రీ కాత్‌ది, 1978లో తుపాకీ పేలి చనిపోయాడు పాపం. 80లలో సింథసైజర్లు, ప్రేమ పాటలు వచ్చాక ట్రంపెట్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

నీలిబాకా:
అంతమందిని వెంటేసుకుని తిరగడం కూడా ఖర్చే కదండీ. ఇంకా కావాలంటే చేజ్ అనే బ్యాండు వినండి, 1971, ఏకంగా నాలుగు ట్రంపెట్లు.

పాతరికార్డు:
నాలుగా! ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వింటాను, లేకపోతే ఇంట్లోవాళ్లు ఊరేగింపు ఎవరిదని అడుగుతారు.