అప్‌డేట్: కొట్లో కొన్న ఎండుమిర్చి గింజలు మొలిచాయి

బ్యాడగి ఎండుమిర్చి గింజలు బాల్కనీ కుండీలో వేసి మూడు వారాలైనా ఒక్కటీ మొలవలేదని డిసెంబరులో అడిగాను కదా, ఎట్టకేలకు మొలిచాయి! సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

లోపం గింజల్లో కాదు, చలిలో. బెంగళూరులో డిసెంబరు రాత్రుళ్లు 16 డిగ్రీల దాకా దిగుతుంది, మిర్చి గింజకేమో 25-30 ఉండాలి. ఒకరు చెప్పినట్టు అదే ప్యాకెట్ గింజల్ని తడి టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి, వెచ్చగా ఉండే వైఫై రౌటర్ మీద ఉంచాను. తొమ్మిదో రోజుకి 20లో 7 మొలకెత్తాయి. మజ్జిగలో నానబెట్టినా, మంచినీళ్లలో నానబెట్టినా తేడా ఏమీ కనిపించలేదు. లోపం మట్టిలో ఉందేమోనని కొత్త మట్టికి పెట్టిన 400 రూపాయలు దండగ.

అమ్మ పంపిన గుంటూరు మిర్చి గింజలు మాత్రం ఒక్కటీ మొలవలేదు. ఆరా తీస్తే, పొడి కొట్టుకోవడానికని ముందే వేయించి పంపిందట!