కిస్తులు, దుర్జుక్‌లు, చెచెన్లు... అందరూ ఒకరేనా?

ప్రశ్న:
కాకసస్ (నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య ఉన్న కొండల ప్రాంతం) చరిత్ర చదువుతూ, తగిలిన పేరల్లా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. రెండు పేజీలు నిండాయి గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. జార్జియా పాత చరిత్రల్లో దుర్జుక్‌లు, 18వ శతాబ్దపు యాత్రికుల రాతల్లో కిస్తులు, రష్యన్ పుస్తకాల్లో చెచెన్లు, ఇంగుష్‌లు. వీళ్లు వేర్వేరు జనాలా?

జవాబు 1:
చాలావరకు ఒకే జనమండి, నాఖ్ అనే ఒకే కుటుంబపు భాషలు మాట్లాడేవాళ్లు. పేరు కనబడగానే, ఎవరు ఎటువైపు నుంచి పిలిచారో చూడండి. దుర్జుక్, కిస్తు అన్నవి దక్షిణాన ఉన్న జార్జియన్ల మాటలు. ఫర్నవాజ్ రాజు దుర్జుక్‌ల ఆడపడుచును పెళ్లాడాడని వాళ్ల రాజచరిత్రలోనే ఉంది. ఉత్తరం నుంచి వచ్చిన రష్యన్లు మాత్రం ఊరి పేరు పట్టుకుని జనమంతటికీ తగిలించారు. అర్గున్ నది ఒడ్డున ఉన్న చెచెన్ ఆవుల్ అనే ఊరి నుంచి చెచెన్లు అయ్యారని ఎక్కువమంది చెప్పే మాట. అంగుష్ట్ అనే ఊరి నుంచి ఇంగుష్‌లు.

ఆ అంగుష్ట్ సంగతి తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. 19వ శతాబ్దంలో అక్కడి ఇంగుష్‌లను వెళ్లగొట్టి కొసాక్కులను (రష్యా తరఫున సరిహద్దు కాసే సైనిక జనాన్ని) దింపారు. ఇప్పుడు దాని పేరు తార్‌స్కోయే, ఉన్నది ఉత్తర ఒసేతియాలో. జాతికి పేరిచ్చిన ఊరు ఇంగుషేతియాలోనే లేదు!

వాళ్లు తమను తాము చెప్పుకునేది నోఖ్చి (చెచెన్లు), గల్గాయ్ (ఇంగుష్‌లు) అని.

జవాబు 2:
ఒక జాగ్రత్త. ఇప్పుడు కిస్తులంటే జార్జియాలో పాంకిసీ లోయవాళ్లే. పాత పుస్తకంలో కిస్తు అని కనబడితే వెంటనే పాంకిసీ అనుకోకండి. బాట్స్ జనాన్ని కూడా రాసుకోండి, వాళ్లదీ నాఖ్ భాషే. జార్జియన్లు వాళ్లను త్సోవా-తుష్ అంటారు. జెమో అల్వానీ ఊళ్లో ఉంటారు.

జవాబు 3:
నేను కొన్నాళ్లుగా చెచెన్ నేర్చుకుంటున్నాను. చెచెన్లను, ఇంగుష్‌లను కలిపి వైనాఖ్ అంటారు కదా, ఇది వాళ్ల సొంత మాట. నాఖ్ అంటే జనం. ‘వై’ అంటే అచ్చంగా మన ‘మన’. మనకు మేము, మనం వేరైనట్టే వాళ్లకూ త్ఖో, వై వేరు. వింటున్నవాణ్ణి కూడా కలుపుకునే మాట అది. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నోట్‌బుక్‌లో ‘ఎవరు పిలిచారు’ అని కొత్త గడి గీశాను. నోఖ్చి, గల్గాయ్, వైనాఖ్‌ల పక్కన ‘వాళ్లే’ అని రాసుకున్నాను.